మూరెడు దూరంలో ఫోను

కోదాడలో విత్తనాల దుకాణం నడిపే ఉపేందర్ ఫోనును ఎన్నడూ చెవికి ఆనించడు. మిర్యాలగూడలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే స్పీకర్ ఆన్ చేసి, చచ్చిన ఎలుకను తోక పట్టుకున్నట్టు ఫోనును రెండు వేళ్లతో మూరెడు దూరాన పట్టుకుంటాడు. "రేడియేషన్ సార్! ఒంట్లె కణాలన్నీ ఖతమైతయ్" అని పక్కవాళ్లను హెచ్చరిస్తాడు. ఈ విజ్ఞానమంతా దుప్పటి కప్పుకొని అదే ఫోనులో చూసిన వీడియోల పుణ్యం. ఒక చెయ్యి ఫోనుకే అంకితం గనుక గుట్కా పొట్లాన్ని పళ్లతోనే చింపుతాడు. ఎడమ బుగ్గలో ఇంత సర్దుకొని, మానవజాతి ఆరోగ్యం గురించి మళ్లీ అందుకుంటాడు. ఆయన ఇంటి గుట్టంతా బస్సు వింటుంది. కణాలు మాత్రం భద్రం.

మొన్న హుజూర్‌నగర్ దాటుతుండగా భార్య సుజాత ఫోన్ చేసింది. "ఇగో, దవాఖానోళ్లు ఫోన్ చేసిండ్రు. నీ బుగ్గల పుండుకెల్లి ముక్క తీసిండ్రు గదా, రిపోర్టు మంచిగ లేదంట. రేపే రమ్మంటున్నరు" అంటూనే ఏడ్చింది. బస్సంతా ఆయన వైపే చూసింది. టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ కూడా ఆగిపోయింది. ఉపేందర్ ముఖం పాలిపోయింది. అందరి వైపూ తిరిగాడు.

"సూసిండ్రా? నేను చెప్తె నవ్విండ్రు. గింత దూరం వెట్టినా ఇడిసిపెట్టలే!"

ఫోనున్న చేతిని కిటికీలోంచి పూర్తిగా బయటికి చాపాడు. రెండో చేత్తో జేబులోంచి ఇంకో పొట్లం తీసి, పళ్లతో చింపాడు.