వెల్లకిలా

మా తమ్ముడు లారీ మెకానిక్. పగలంతా లారీ కింద వెల్లకిలా పడుకుని ఉంటాడు. భోజనం పట్టుకెళ్తే నేను మాట్లాడాల్సింది వాడి చెప్పులతోనే.

అలాంటివాడికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయి ప్రాణం మీదికొచ్చింది. ఎవరో పుణ్యాత్ములు పోతూ పోతూ ఇచ్చిన ఊపిరితిత్తులు పెట్టారు. గండం గడిచిందనుకున్నాం. తీరా చూస్తే, కూర్చుంటే బాగానే ఉండేవాడు, పడుకోబెట్టగానే నీళ్ళలో ముంచినట్టు గిలగిలలాడేవాడు. ఛాతీకీ పొట్టకీ మధ్య ఊపిరిని లాగే కండరం ఒకటుందట. దానికి వెళ్ళే నరం ఆపరేషనులో దెబ్బతిందట.

"మెల్లగా కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు" అన్నారు డాక్టరమ్మగారు. నాకు ఒళ్ళు మండింది. ఆ రెండో మాట మనసులోనే ఉంచుకోవచ్చుగా!

తమ్ముడు మాత్రం, "ఇంజను కొత్తదే అక్కా, వైరింగులో తేడా వచ్చింది" అన్నాడు.

ఇంటికొచ్చాక దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. షెడ్డు ఓనరు చూడ్డానికొచ్చి, "ఇకమీదట కౌంటర్లో కూర్చోరా, చాలు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ మావాడికి కోపం ముక్కుమీదే ఉంటుంది.

"కూర్చోడానికా నాకు ఇంకొకరి ఊపిరి ఇచ్చింది?" అని మొహం తిప్పుకున్నాడు. ఆయన వెళ్ళాక ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, వంటింట్లోకి వెళ్ళి.

మర్నాటి నుంచి పంతం పట్టాడు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు గొట్టంలోంచి గాలి బలంగా లాగేవాడు. పొట్టమీద ఇసుక సంచి పెట్టుకుని ఊపిరితో పైకెత్తేవాడు. నేను చెవిలో జోరీగలా "ఇంకోసారి, ఇంకోసారి" అంటూ కూర్చునేదాన్ని. నెలలు గడిచేకొద్దీ దిండ్లు ఒక్కొక్కటే తగ్గాయి. చివరి దిండు మాత్రం ఎంతకీ వదల్లేదు.

కండరం కదులుతోందని స్కానింగులో తేలాక, డాక్టరమ్మగారు పనికి సరేనన్నారు. షెడ్డులో వాడికోసం ఒక లారీని దుమ్ము లేకుండా కడిగి ఉంచారు. మాస్కు పెట్టుకుని, చక్రాల చెక్కమీద పడుకుని కిందికి జారాడు. ఊపిరాడకపోతే లాగేద్దామని నేను పక్కనే నిలబడ్డాను. కాసేపు పానా చప్పుడు వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

"ఒరేయ్!" అన్నాను. పలకలేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. చీర సంగతి కూడా చూసుకోకుండా నేలమీద పడి తొంగిచూశాను.

పానా పక్కన పడేసి, తలకింద దిండనేదే లేకుండా, వెల్లకిలా గురకపెట్టి నిద్రపోతున్నాడు! పొట్ట నిదానంగా లేస్తోంది, దిగుతోంది. అంత సంతోషం నేను జన్మలో ఎరగను.

"ఏమైందమ్మా?" అంటూ ఓనరు పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే డ్రైవరు, "ఇంకెంతసేపు?" అంటున్నాడు.

"మెల్లగా మాట్లాడండి, మా తమ్ముడు పడుకున్నాడు" అన్నాను. "బండి రేపు తీసుకెళ్దురుగాని."