కొన్నచోటు చెప్పని సరుకు

మా పేటలో నన్ను ‘ఓ మాస్టారు’ అంటారు. ఆ పేరు వినబడినప్పుడల్లా లోపల ఒక బరువు కదులుతుంది. కదులుతుంది, అంతే. నొప్పి ఉండదు. చాలాసేపు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు. ఏళ్ల తరబడి నాకు అలాగే ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

విజయనగరంలో మాది కిరాణా కొట్టు. కింద నాన్న పప్పులూ బెల్లం అమ్మేవాడు. పైన మేడగదిలో నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ని. వ్యాపారంలో నాన్నకి ఒక నియమం ఉండేది. మంచి చింతపండు దొరికిందంటే అది ఏ ఊరిదో, ఎవరి దగ్గర దొరికిందో పక్క కొట్టువాళ్లకి గానీ కొనేవాళ్లకి గానీ చెప్పేవాడు కాదు. “కొన్నసోటు సెప్పకూడదురా. ఎవులడిగినా నవ్వి ఊరుకోవాల” అనేవాడు. మా వాళ్లందరికీ అదే పద్ధతి. అందులో తప్పుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నేను చెప్పే పాఠాల్లో ఒకటి నాకే సరిగ్గా రాదు. అది మొదట ఒప్పుకోవాలి. ‘వేర్ షుడ్ ఐ గో’ అంటే ‘నేనెక్కడికి వెళ్లాలి’ అని నేరుగా అడగడం. ‘షుడ్’ ముందు, ‘ఐ’ తర్వాత. అదే ప్రశ్నని ‘నాకు తెలియదు’ అనే మాటకి తగిలిస్తే వరస మారిపోతుంది. ‘ఐ డోంట్ నో వేర్ ఐ షుడ్ గో’ అనాలి. ‘ఐ’ ముందుకొచ్చి ‘షుడ్’ వెనక్కి పోతుంది. ఎందుకు పోతుంది? గైడులో ‘సబార్డినేట్ క్లాజు’ అని రాసి ఉండేది. నేనూ ఆ మాటే గట్టిగా అనేవాణ్ని. పిల్లలు తలలూపేవారు, ఊపి మళ్లీ ‘ఐ డోంట్ నో వేర్ షుడ్ ఐ గో’ అనే అనేవారు. కెన్, మస్ట్, విల్, దేనితో చెప్పించినా అదే తప్పు. ఆ ఏడాది పిల్లలు ఒక్కొక్కరే మానేసి వేరే చోట చేరుతున్నారు. నాకు భయంగా ఉండేది. భయపడే మాస్టారు అరుస్తాడు. నేనూ అరిచేవాణ్ని.

ఆ బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. అసలు పేరు రాయను, గౌరి అనుకోండి. గరివిడి అవతల పల్లె, వరి పండించే కుటుంబం. డిగ్రీ చదువుతూ రైల్లో వచ్చేది. బియెడ్ చేసి ఇంగ్లీషు టీచరవ్వాలని ఆమె కోరిక. వాళ్లింట్లో ఆడపిల్లల్లో అంతదాకా చదివింది తనే. చివరి బల్ల మీద కూర్చునేది, ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఆ రోజు ఎందుకో లేచి నిలబడింది.

“మాస్టారూ, మన మాటలో పెట్టి సూస్తే తెలిసిపోతాది. ‘నానెక్కడికెల్లాల’ అంటే అడగడం. ‘ఎక్కడికెల్లాలో తెల్దు’ అంటే అడగడం కాదు కదేటి. సివర్న ‘ఓ’ వచ్చీసరికి ప్రశ్న సల్లారిపోతాది. తెలుగులో ‘ఓ’ వచ్చిందంటే ఇంగ్లీషులో షుడ్డు ఎనక్కెల్లి కూకోవాల. అంతేనా మాస్టారూ?”

అంతే. అదే. గైడు నాకు చెప్పలేకపోయినది ఆ పిల్ల నాలుగు మాటల్లో చెప్పేసింది.

నేనేం చేశాను? నవ్వాను. “షుడ్డు ఎనక్కెల్లి కూకోవాలా? పీట వెయ్యమంటావా దానికి?” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. అక్కడితో ఆగానా? “తెల్దు కాదమ్మా, తెలియదు. ముందు తెలుగు నేర్చుకుని రా, ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం” అన్నాను. మళ్లీ నవ్వులు. మా నాన్న మాట్లాడేదీ, ఇంట్లో నేను మాట్లాడేదీ ఆ భాషే. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదా? వచ్చింది. అందుకే ఇంకాస్త గట్టిగా నవ్వాననుకుంటాను.

మీకు చెప్పాల్సింది ఇంకా ఉంది. నాకు అర్థం కాక నవ్వలేదు. ఆమె మాట పూర్తయ్యేసరికే నాకు అర్థమైంది, జీవితంలో మొదటిసారి ఆ పాఠం నాకే అర్థమైంది, అర్థమైన ఆ క్షణంలోనే, అది నాకు చివరి బల్ల నుంచి వచ్చిందని ఎవరైనా కనిపెడతారేమోనన్న కంగారులో, నవ్వాను. గౌరి కూర్చుంది. తల వంచుకుని బల్ల మీద గోటితో ఏదో గీసింది. తర్వాత కొన్నాళ్లకి రావడం మానేసింది. కబురు చేద్దామనుకున్నాను. చెయ్యలేదు.

తర్వాతి బ్యాచ్‌లో ఆ పాఠం వచ్చినప్పుడు సుద్దముక్కతో బోర్డు మీద పెద్ద ‘ఓ’ రాశాను. ‘ఎక్కడికి వెళ్లాలి’ అంటే ప్రశ్న, ‘ఎక్కడికి వెళ్లాలో’ అంటే ప్రశ్న కాదు అన్నాను. ఎల్లాల, తెల్దు, కూకోవాల అనే మాటలు తీసేసి పుస్తకాల తెలుగు పెట్టాను. రాళ్లూ మట్టీ ఏరేసి సరుకు గోతాం మార్చినట్టు. పిల్లల మొహాలు వెలిగాయి. ఆ మాట ఊరంతా పాకింది. ‘ఓ సూత్రం’ అన్నారు, మేడ మీద ఫ్లెక్సీ కట్టించాను. ఇలాంటిది మీకెలా తట్టింది మాస్టారూ అని ఎవరడిగినా నవ్వి ఊరుకునేవాణ్ని. నాన్న నేర్పిన విద్య.

పశ్చాత్తాపపడ్డానా? పడ్డానని రాస్తే మీకు బాగుంటుంది. నిజం ఏమిటంటే, కొన్నేళ్లకి అది నాదేనని నమ్మేశాను.

మొన్న వానాకాలం ముందు ఒకావిడ కూతుర్ని చేర్పించడానికి వచ్చింది. “నాను మీకాడ సదివీదాన్ని మాస్టారూ, కొన్నాల్లు” అంది. గౌరి. బియెడ్ చెయ్యలేదట. డిగ్రీ కూడా మధ్యలో ఆపేసిందట. పెళ్లయింది, ఇంటి దగ్గర జాకెట్లు కుడుతోంది. పాపని చేర్చుకున్నాను. కొన్ని వారాల తర్వాత సంచినిండా మొక్కజొన్న పొత్తులు పట్టుకుని మళ్లీ వచ్చింది. మొహం నిండా సంతోషం.

“మా పాప మీ ఓ సూత్రం సెప్పింది మాస్టారూ. ఎంత తేలిగ్గున్నాదో! అప్పట్లో అది ఇనుంటే నానూ టీచర్నయిపోదును. నా బుర్రకి ఇంగ్లీసు ఎక్కలేదు, ఏటి సేస్తాం.”

ఆవిడ కళ్లలోకి చూశాను. ఎత్తిపొడుస్తోందా? లేదు. ఎత్తిపొడిస్తే బాగుణ్ను. “ఎందుకు మానేశావమ్మా అప్పుడు?” అని అడిగాను.

“ఓ రోజు లేచి ఏటో అన్నాను. అందరూ నవ్వినారు. ఏటన్నానో ఇప్పుడు గుర్తు లేదు గానీ, నవ్వినారని మాత్రం గుర్తున్నాది.”

ఒక్క మాట చెబితే చాలు. ఆ రోజు నువ్వన్నది ఇదేనమ్మా, ఈ సూత్రం నీదే, నీ బుర్ర బంగారం, తప్పు నాది. ఇంత పొడుగు కూడా అక్కర్లేదు, ‘ఇది నీదే’ అంటే చాలు. నోరు తెరిచాను. కూతురు పక్కనే నిలబడి నావంక భక్తిగా చూస్తోంది. కింద కొట్టులో తూకం రాళ్ల చప్పుడు వినిపిస్తోంది.

నవ్వి ఊరుకున్నాను.

ఆవిడ దణ్ణం పెట్టి మెట్లు దిగింది. పొత్తులు మా ఆవిడ ఉడకబెడితే తిన్నాను, లేతగా బాగున్నాయి. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆమె అక్కడ తన బుర్ర తక్కువదని నమ్ముతూ కుట్టుమిషను తొక్కుతోంది, నేనిక్కడ ఆమె మాట చెప్పుకుని బతుకుతున్నాను. ఆమె ఇంటికి వెళ్లి చెబుతానా? తెలియదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. ఇచ్చినా నమ్మకండి.

మీకైతే చెప్పాను. తిమ్మిరెక్కిన కాలు కొంచెం కదిలినట్టుంది, సూదులు గుచ్చినట్టుంది. ఉపశమనమంటే ఇదేనేమో.

నాన్న నియమం మాత్రం ఇన్నేళ్లూ కాని చోట వాడుకున్నాను. కొన్నచోటు చెప్పొద్దన్నది కొన్న సరుకు గురించి. ఇది నేను కొనలేదు.