పెందుర్తిలో రాసిన పసుపు సబ్బవరంలో కనపడలేదు

మిత్రుడు రాము చెల్లెలు గౌరి పెళ్ళిపసుపు వేడుకకి ఫొటోలు తీయమన్నప్పుడే కుదరదని చెప్పాల్సింది. కానీ అడిగింది రాము కాదు, వాళ్ళ మేనత్త పైడితల్లమ్మ. గౌరిని చిన్నప్పటి నుంచీ పెంచింది ఆవిడే. ఇప్పుడేమో కాలు విరిగి సబ్బవరంలో మంచం మీద ఉంది. "నా సేత్తో దంచిన పసుపు బాబూ. పిల్లకి ఎలాగ రాసినారో ఆ రోజే తెచ్చి సూపించు" అని ఫోన్లో అంటే కాదనడానికి నాకు నోరు రాలేదు.

రాజమండ్రిలో తెల్లవారకముందే రైలెక్కాను. జనరల్ బోగీలో విశాఖ దాకా నిలబడే ప్రయాణం. దిగేసరికి నడుం పడిపోయింది. నలభై దాటినవాళ్ళు ఆ పొదుపుకి పోకండి, రిజర్వేషన్ చేయించుకోండి. స్టేషన్ నుంచి ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండుకి వెళ్ళి పెందుర్తి సిటీ బస్సు పట్టుకున్నాను, గంట పైనే పట్టింది. అక్కడ బస్టాపులో దిగి ఆటో ఎక్కితే, డ్రైవరు నా కెమెరా సంచీ చూసి, "పెల్లికా బావా? ఎండ మండిపోతంది, నీకన్నా ముందు కెమెరా పడిపోద్ది" అన్నాడు. నవ్వడానికి కూడా ఓపిక లేదు.

ఇంటి ముందు పందిరి పైన పసుపు గుడ్డ, కింద పసుపు చీరలో గౌరి. ముఖం, చేతులు, పాదాలు అన్నీ పసుపే. నా కెమెరాది చిన్న సెన్సర్. లెన్సు వేసే బొమ్మలో మధ్య ముక్కనే అది పట్టుకుంటుంది కాబట్టి, యాభై ఎం.ఎం. లెన్సు కాస్తా డెబ్బై అయిదులా ఇరుకైపోతుంది. మూలల్లో ఉండే మసక ఫొటోలోకి రాదు, అదొక్కటే లాభం. అందరినీ ఇరికించాలని వెనక్కి జరుగుతూ పోయాను. "ఇంకొంచెం ఎనక్కెల్తే సాంబార్లో పడతావు నాయనా!" అని వంటావిడ అరిచింది.

భోజనం కాగానే షేర్ ఆటోలో సబ్బవరం వెళ్ళాను. తీసినవి ఒక్కసారి సరిచూసుకోవాలన్న బుద్ధి కూడా లేకపోయింది. పైడితల్లమ్మ మంచం పక్కన కూర్చుని కెమెరా తెర చూపించగానే ఆవిడ ముఖం మాడిపోయింది.

"ఇదేటి బాబూ, సున్నం కొట్టినట్టుంది పిల్ల మొకం? నా పసుపు రాయనేదా? కొట్లో పొడి రాసేసినారా?"

సెన్సర్‌కు నిజానికి రంగు తెలియదు. దాని ప్రతి చుక్క మీదా ఎరుపో ఆకుపచ్చో నీలమో ఒక వడపోత ఉంటుంది, దాంట్లోంచి ఎంత వెలుగు వచ్చిందో మాత్రమే అది కొలుస్తుంది. రంగు లెక్కకట్టేది కెమెరా. వెలుగును బట్టి రంగులు సరిదిద్దే వైట్ బ్యాలెన్స్ అనే సెట్టింగును కెమెరా ఇష్టానికే వదిలి ఆటోలో ఉంచాను కదా, ఎటు చూసినా పసుపే ఉండేసరికి అదంతా వెలుగు దోషమనుకుని తీసిపారేసింది. అదృష్టం కొద్దీ, కొలిచింది కొలిచినట్టు దాచే రా ఫైళ్ళున్నాయి. వాటిని అక్కడికక్కడే కెమెరాలో ఎండ సెట్టింగుకి మార్చాను. పసుపు తిరిగొచ్చింది.

"నా కల్లముందే గదా నొక్కినావు. ఆ రంగు నువ్వేసిందే" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పసుపు రాసిన పిల్ల ఊరు దాటకూడదు కాబట్టి గౌరి ఇక్కడికి రావడానికి లేదు. వీడియో కాల్ చేశాను. ఫోను కూడా అదే తెలివి చూపించింది, తెర మీద మళ్ళీ తెల్లమొహమే. ఇక నా వల్ల కాదనుకున్నాను. ఇంతలో గౌరి గొంతు వినిపించింది.

"అత్తా, ఏం పసుపే నీది! సెవులెనకాల ఒకటే మంట. ఎంత కడిగినా వదలట్నేదు!"

పైడితల్లమ్మ ఒక్కసారిగా మోచేతి మీద లేచింది. "మండదేటి మరి! కొమ్ములు సరిగ్గా ఎండనేదే. పెల్లి దగ్గరికొచ్చేసిందని ఆత్రంకొద్దీ దంచేసినాను. కొబ్బరినూనె రాసుకోయే తల్లీ!" అంటూ నవ్వుతూనే ఏడ్చేసింది. మాట్లాడుతున్నంతసేపూ తెర వంక చూడనేలేదు.

అనకాపల్లి బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. తిరుగు రైలు అక్కడే ఎక్కితే మళ్ళీ విశాఖ వెళ్ళే పని తప్పుతుంది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. మోసుకెళ్ళిన సామానంతా చేయలేని పనిని ఆ పిల్ల ఒక్క మాటతో చేసేసింది. కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజమే, కానీ దానికి మించి హాయిగా అనిపించింది. మీరు పసుపు వేడుకకు వెళ్తే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, ఎండ గుర్తు మీద పెట్టుకోండి. మార్పులేమైనా ఉంటే ఇంటివాళ్ళకు చూపించకముందే చేసుకోండి. కళ్ళముందు మార్చిన రంగు నిజమైనదే అయినా ఎవరూ నమ్మరు.