ముసురులో గాజుల పార్సిలు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని, ఏళ్ల తరబడి నా చేతుల్లో అరిగిన తూకంరాళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. 1978 వానాకాలంలో ఆదోని బజారు పక్కనున్న చిన్న పోస్టాఫీసులో పార్సిళ్ల గుమాస్తాగా చేరాను. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. అంటే, పై అధికారి ఒక్క మాట చెడ్డగా రాస్తే ఎమ్మిగనూరులో మా ఇంటికి బస్సెక్కవలసిందే.

హుసేన్‌బీ గాజుల వ్యాపారి. షోలాపూరులో చెల్లెలి దుకాణానికి నెలనెలా కొయ్యపెట్టెలో గడ్డి కూరి గాజులు పంపేది. పార్సిలు చార్జీకి తూకం మెట్లుంటాయి. మెట్టు దాటి పిసరంత ఎక్కువైనా పై మెట్టు చార్జీ మొత్తం కట్టాలి. "పెట్టెకే సగం దుడ్డు పోతాంది గదప్పా" అని ఆమె ప్రతిసారీ గొణిగేది. అడక్కుండానే నేనొక సలహా పారేశాను: కొయ్య మానేసి అట్టపెట్టె తీసుకో, గడ్డికి బదులు జిన్నింగు మిల్లు దూది కూరు, పైన గుడ్డ కుట్టు.

అలాగే తెచ్చింది. కిరాణా కొట్టులో తూచుకుంటూ, ఒక్కో గాజే తీసేస్తూ, సరిగ్గా మెట్టు అంచుకు సరిచేసుకుని మరీ తెచ్చింది. మా త్రాసులోనూ ముల్లు అక్కడే నిలిచింది. స్టాంపులంటించి ముద్ర కొట్టాను. ఆ సాయంత్రం ముసురు పట్టి టపా బండి రాలేదు. పార్సిలు కిటికీ పక్కనే ఉండిపోయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి దిగారు. చేతికందిన పార్సిలును మళ్లీ తూచి చూడటం వారి పద్ధతి. గాజుల పార్సిలు పెట్టగానే పళ్లెం కిందికి వాలింది. తెలిసినవాళ్లకు తూకం తగ్గించి రాయడం ఉద్యోగం పోయే నేరం.

"ఈవిడ నీకేమవుతుంది?" అన్నారు. హుసేన్‌బీకి కబురు వెళ్లింది.

ఆమె వచ్చి పార్సిలును తడిమి చూసింది. "మీది యా ఊరు సారూ?"

"కాకినాడ."

"అందుకే. దూది నీళ్లు తాగుతాది సారూ. ఈడ పత్తి అమ్మేటోళ్లు మూటలు సెమ్మలో పెట్టి తూకానికి తెస్తారు. నేను అడక్కుండానే మీ పోస్టోళ్లు నాకా పని సేసిపెట్టినారు."

"రుజువేదమ్మా?"

"లక్క కరిగించే కుంపటి ఉండాది గదా, దాని పక్కన పెట్టండి. ఆరినాక కూడా ముల్లు దిగకపోతే ఈ అప్పను ఎమ్మిగనూరికి తోలేయండి."

రెండు గంటలు కుంపటి పక్కనే నిలబడ్డాను. దూరంగా పెడితే దూది ఆరదు. దగ్గరగా పెడితే పార్సిలు మీది లక్క సీళ్లు కరుగుతాయి, అది ఇంకో నేరం. జానెడు జరపడం, సీలు వేలితో తాకి చూడటం, మళ్లీ వెనక్కి లాగడం. చివరికి తూచితే ముల్లు మొదటి చోటికే వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు నవ్వి సంతకం పెట్టారు.

ఈ ముల్లు రావడం, ఆయన నవ్వడం మాత్రం నా కల్పన. తూకం తగ్గింది గాని మెట్టు దిగలేదు. తక్కువైన స్టాంపులు హుసేన్‌బీ తిట్టుకుంటూ అంటించింది. నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఆ తరువాత సర్వీసంతా, ముసురు రోజుల్లో మెట్టు అంచున నిలిచిన పార్సిలు ఎవరు తెచ్చినా తీసుకోలేదు. ఏదో ఒకటి తీసేసి మళ్లీ కుట్టుకు రమ్మనేవాణ్ని.