ఎగిరిపోయిన క

మా కోడలి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఒకప్పుడు మాట దాటేసేదాన్ని. పొద్దస్తమానం వీడియోలు చూస్తుంది, దానికి జీతం కూడా ఇస్తారు అంటే నమ్మేదెవరు? ఇప్పుడు అడగకపోయినా చెబుతున్నాను. వీడియో కింద అక్షరాలు పడతాయి చూడండి, అవి వినపడనివాళ్ళకు సరిగ్గా అర్థమవుతాయో లేదో చూసి సరిచేయించడం ఆమె పని. మొదట సౌండు పూర్తిగా తీసేసి చూస్తుంది, ఆ తరువాతే వింటుంది. అందుకే మావాడు ఆమెను 'మ్యూట్ మేడమ్' అంటాడు. నోరు మాత్రం మ్యూట్‌లో పెట్టే రకం కాదు లెండి!

మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. నిండు నెలలు, నేడో రేపో కాన్పు. పసిబిడ్డను ఎలా చూసుకోవాలో ఆసుపత్రివాళ్ళు వీడియోలు పెడుతున్నారని తెలిసి దాని మొహం వెలిగిపోయింది. "నేనున్నాను కదే, అన్నీ చెబుతాను" అని చేతులతో అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇన్నేళ్ళూ లోకం మాటలన్నీ నా చేతుల మీదుగానే దానికి చేరాయి. తన బిడ్డ సంగతి మాత్రం తనే నేర్చుకుంటుందట! మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. కానీ నా కూతురు కదా, పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అదృష్టం కొద్దీ ఆ వీడియోలు సరిచూసే పని మా కోడలికే వచ్చింది. అవి సాయంత్రానికి జనంలోకి వెళ్ళిపోవాలి. వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. నాకు మాటల్లేకుండా బొమ్మలు చూడడం చేతకాదు, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని పక్కన చేరాను.

"పాలు తాగాక తేనె తెప్పించండి" అని చదివి కోడలు ఆగింది.

"తేనె ఎవరికే? నాకా?" అన్నాను. వీడియోలో డాక్టరమ్మ చెప్పింది తేన్పు తెప్పించమని! ఇద్దరం పడీ పడీ నవ్వాం.

కాసేపటికి కోడలు నవ్వు ఆపేసింది. "అత్తయ్యా, డాక్టరు ఇప్పుడేమన్నారు?"

"బిడ్డను బోర్లా పడుకోబెట్టకండి అంది."

"కింద ఏం రాసుంది?"

"అదే రాసుంది."

"మళ్ళీ చదవండి, అక్షరం అక్షరం."

చదివాను. పడుకోబెట్టండి! 'క' ఎగిరిపోయింది. చెవి విన్నదాన్నే నా కళ్ళు చదివేశాయి. మా అమ్మాయికి ఆ అక్షరాలు తప్ప ఇంకేం దిక్కు? బోర్లా పడుకుంటే పసిబిడ్డకు ఊపిరాడదట!

కోడలు వెంటనే వీడియో తీసినాయనకు ఫోన్ చేసింది. "ఒక్క అక్షరమే కదండీ, ముందు వదిలేద్దాం, రేపు మార్చుకోవచ్చు" అన్నాడాయన. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ లాక్కున్నాను.

"నాయనా, 'పొయ్యిలో చెయ్యి పెట్టకండి' అన్నదాంట్లోంచి 'క' తీసేసి, రాసినట్టే ఒకసారి చేసి చూడు! తరువాత మాట్లాడుకుందాం."

"ఇప్పుడే మార్పిస్తానమ్మా" అన్నాడు. "మిగతావి కూడా నేను చూశాకే వదలండి" అని కోడలు పక్కనుంచి కేకేసింది. ఆ పూట వంట మావాడిదే. చీకటి పడేలోగా అన్నీ సరైపోయాయి. మా అమ్మాయి ఫోన్‌లో 'క' కుదురుగా కూర్చుని కనబడగానే, నేనూ కోడలూ చిన్నపిల్లల్లా గంతులేశాం. మా సంబరమేమిటో దానికి చేతులతో పూసగుచ్చినట్టు చెప్పాను.

మనవరాలు పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజున పాపను ఒళ్ళోంచి తీసి పక్క మీదికి వంగాను. అంత రాద్ధాంతం చేసినదాన్నే, పాత అలవాటు చేతుల్లోంచి పోలేదు, బోర్లా వేయబోయాను. మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుని ఆపింది. పాపను వెల్లకిలా తిప్పింది.

"నేను పిల్లల్ని పెంచలేదా?" అని చేతులతో గదమాయించాను.

అది నవ్వి, నా అరచెయ్యి విప్పి, వేలితో మెల్లగా ఒకే ఒక్క అక్షరం రాసింది. క.