అందించిన మాట

2022. నెల్లూరు దగ్గర ఒక కాలేజీలో ఆక్వాకల్చర్ విభాగం చూసేదాన్ని. పీహెచ్‌డీ చేసేవాళ్లు ఫెలోషిప్ తీసుకుంటూ ఎమ్మెస్సీ పిల్లలకు కొన్ని క్లాసులు చెప్పాలి. వాళ్లను టీచింగ్ అసిస్టెంట్లు అంటాం. చివరి బెంచీలో కూర్చుని వాళ్ల పాఠం విని, రిజిస్టర్‌లో రాయడం నా పని. నాకేమో నోరు ఊరుకోదు. ఇంట్లో నన్ను రేడియో అంటారు.

వాళ్లలో ఒకతె సుహాసిని. ఆమెది సూళ్లూరుపేట దగ్గర పల్లె. తండ్రి పులికాట్‌లో వల వేసేవాడు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. రొయ్యల జబ్బుల గురించి ఆమెకు తెలిసినంత మా స్కాలర్లలో ఎవరికీ తెలియదు. లెక్చరర్ కావాలని ఆశ. కానీ ఇంగ్లీషులో క్లాసంటే భయం.

"అంతా రాసుకోని బట్టీ పట్టినా మేడం. ఒక్క ముక్క మరిచిపోతే ఇంకేం గుర్తురాదు," అంది మొదటిరోజు.

"వెనకాల నేనుంటా గదా, భయమెందుకు?" అన్నాను.

ఆరోజు పాఠం వైట్ స్పాట్, అంటే రొయ్య పెంకు మీద తెల్లమచ్చలు తేలే జబ్బు. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నేను భరించలేక కూర్చున్నచోటి నుంచే మాట అందించాను. పిల్లలంతా నావైపు తిరిగారు. మళ్లీ ఆగింది, మళ్లీ అందించాను. నెల తిరిగేసరికి రెండు వాక్యాలకొకసారి చివరి బెంచీ వైపు చూడటం అలవాటైంది. చివరికి జాలిపడి, క్లాసులు తప్పించి రికార్డులు దిద్దే పని ఇచ్చాను. మేలు చేశాననే అనుకున్నాను.

"మీరే పక్కన పెట్టినారంటే, నాకు రాదనే గదా మేడం," అంది. చాలాసేపు సర్దిచెప్పాను. తలవంచుకుని విన్నది. ఏడాది తిరక్కుండానే పీహెచ్‌డీ వదిలేసింది.

పోయిన ఏడు పని మీద ఒక హేచరీకి, అంటే రొయ్యపిల్లలను పుట్టించి అమ్మేచోటికి, వెళ్లాను. ల్యాబ్‌లో సుహాసిని ఒక రైతుకు మైక్రోస్కోప్ చూపిస్తోంది.

"ఇదిగో అన్నా, పేగు ఖాళీగా ఉండాది చూడు. మేత తినలా. ఈ పిల్లను గుంటలో వదిలితే..."

గుమ్మంలో నిలబడి విన్నాను. ఎంత చక్కగా చెబుతోందో అని సంతోషపడ్డాను. అంతలో తలెత్తి నన్ను చూసింది. మాట ఆగిపోయింది.

"వదిలితే ఏమైతాదమ్మా?" అన్నాడు రైతు.

జవాబు నాకు తెలుసు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు, ఆ బుద్ధి నాకు అప్పటికి వచ్చింది. ఆమె మాత్రం నావైపే చూస్తోంది. ఇక నేనే బయటికి నడిచాను. వరండా దాటుతుంటే లోపల ఆమె గొంతు మళ్లీ మొదలైంది.

ఇప్పుడు కొత్త స్కాలర్లు పాఠం మధ్యలో ఆగితే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను. కాసేపటికి మాట వాళ్లే వెతుక్కుంటారు. సుహాసినికి ఆ కాసేపు నేను ఇవ్వలేదు.