చూసొద్దాం గారి పదమూడో తనిఖీ

ఆయన్ని ఆఫీసులో అందరూ ‘చూసొద్దాం గారు’ అనేవారు. కంటితో చూడనిదే దేన్నీ నమ్మని మనిషి. బయట వాన దంచేస్తోందని పదిమందీ చెప్పినా సరే, కిటికీలోంచి చెయ్యి పెట్టి, తడిసిన వేళ్లు చూసుకుని, "ఆఁ, పడుతోంది" అని ఖాయం చేసేవారు.

ఆయన ఎదుటి బల్ల దగ్గర మ్యాపులు గీసే అమ్మాయి కూర్చునేది. బదిలీ మీద కొత్తగా వచ్చింది. ఊళ్లో పలకరించే దిక్కు లేదు. మధ్యాహ్నం కంప్యూటర్ తెరకేసి చూస్తూనే డబ్బా విప్పుకుని తినేది.

"సార్, ఉపగ్రహం ఫొటోలో ఇక్కడంతా పచ్చటి అడవి."

"చూసొద్దాం."

చూసొస్తే అది అడవి కాదు, ఎవరో ఆరేసిన ఆకుపచ్చ టార్పాలిన్లు! ఆ రోజుతో ఆమె ఆయన్ని చూసి నవ్వడం మానేసింది.

అయితే ఊరి బయట మడుగు సంగతే ఎవరికీ అంతుపట్టలేదు. చూసొద్దాం గారు వారం వారం అక్కడికి తనిఖీకి వెళ్లేవారు. పన్నెండు తనిఖీలయ్యాక పై అధికారికి ఒళ్లు మండింది.

"నీటిమట్టం ఉపగ్రహమే చెబుతోంటే ఈయనకెందుకండీ తిరుగుడు? మీరూ వెళ్లి, అవసరం లేదని రాసివ్వండి, ఎత్తేద్దాం" అన్నాడు ఆమెతో.

పదమూడో తనిఖీకి ఆమె కూడా ఆయన స్కూటర్ ఎక్కింది. మడుగులో అంకెలు వేసిన ఒక కొయ్య. గట్టున ఒంటిగది. గుమ్మంలో ఇస్త్రీ చొక్కాతో ఒక ముసలాయన. ముప్పై ఏళ్లు ఆ కొయ్య చూసి నీటిమట్టం రాసిన ఉద్యోగి. ఉపగ్రహం వచ్చాక ఆ లెక్క అడిగేవాళ్లే లేరు. స్కూటర్ చప్పుడు వినగానే ఆయన గబగబా గట్టు దిగి, కొయ్య దగ్గర వంగి, "రెండు మీటర్ల పద్నాలుగు!" అని అరిచాడు.

"సరిగ్గా చూశారా?"

"నాకే చెబుతారా?"

అరగంట కీచులాడుకున్నారు. చూసొద్దాం గారు కొయ్యకేసి తలైనా తిప్పకుండా, ఆయన చెప్పిందే పుస్తకంలో రాసుకున్నారు. ఆమె ఉపగ్రహం అంకె ఉన్న ఫోన్‌ని మెల్లగా సంచిలో పడేసింది.

చూసొద్దాం గారు స్కూటర్ దగ్గరికి వెళ్లగానే ముసలాయన ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏమీ అనుకోకమ్మా. పాపం, ఆయనకు మాట్లాడ్డానికి ఎవరూ లేనట్టుంది. వారం వారం వచ్చి అదే అడుగుతాడు. వంగితే నాకు నడుం పట్టేస్తుంది. అయినా పోనీలే, ఆయన తృప్తి కోసం చూసి చెబుతున్నా."

ఆమె నవ్వు ఆపుకుంటూ తలూపింది. మర్నాడు నివేదిక ఇచ్చింది: "వారానికి ఒక తనిఖీ చాలదు. రెండు కావాలి. ఇద్దరం వెళ్లాలి."